సోయాపాలతో మింగిన గోలీ

ఆసుపత్రిలో డైటీషియన్ అంటే ఏది తినకూడదో చెప్పే మనిషి అని అందరూ అనుకుంటారు. ఆ పని నేను ఇరవై ఆరేళ్లు చేశాను. నేను వద్దన్నవి తిని మంచాన పడ్డవాళ్లు కొందరున్నారు. వాళ్ల గురించి నాకు పెద్ద బెంగ లేదు. నేను తినమన్నవి తిని ఇబ్బంది పడ్డవాళ్లే ఇప్పటికీ గుర్తొస్తారు. ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లల కోసం అలాంటి సంగతులు రెండు రాస్తున్నాను. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండింటిలోనూ సోయా ఉంది. రెండింటిలోనూ నేనూ ఉన్నాను.

నేను పనిచేసింది టాటానగర్ పక్కన గమ్హరియాలో, ఒక మధ్యరకం కర్మాగారంలో. దానికి నలభై పడకల ఆసుపత్రి ఒకటి ఉండేది. పేరు రాయను. మాది విజయనగరం వైపు. నాన్నగారు టాటానగర్‌లో రైల్వే గార్డుగా చేయడం వల్ల అక్కడే పెరిగాను, హోమ్ సైన్స్ చదివి డెబ్భైల చివర్లో ఉద్యోగంలో చేరాను. పొద్దున్న ఆసుపత్రి వంటగది, మధ్యాహ్నం కార్మికుల క్యాంటీన్, ఇదీ నా పని. రోగులు నన్ను 'డైట్ దీదీ' అనేవాళ్లు. క్యాంటీన్‌లో ఏమనేవాళ్లో నాకెవరూ చెప్పలేదు.

బస్తాల్లో వచ్చిన బలం

అప్పటికి సోయా మామూలు ఇళ్లలోకి ఇంకా రాలేదు. మా క్యాంటీన్‌కి గింజలు, పిండి, బడీలు బస్తాల్లో వచ్చాయి. బడీ అంటే నీళ్లలో వేస్తే ఉబ్బే ముక్క. మనవైపు మీల్‌మేకర్ అంటారు. నాకు సోయా అంటే వెర్రి పట్టింది. కందిపప్పుకి రెట్టింపు మాంసకృత్తులున్న గింజ, ఎవరికైనా పెట్టవచ్చు, ఎంతైనా పెట్టవచ్చు అనుకున్నాను. పుస్తకంలో మొదటి సంగతి మాత్రమే ఉంది. మిగతా రెండూ నేను చేర్చుకున్నవి.

గోడ మీద హిందీలో ఒక పోస్టరు కూడా అంటించాను. కార్మికులు అది చదివి, బడీకి 'రబ్బర్' అని పేరు పెట్టారు. రోలింగ్ సెక్షన్‌లో లచ్చన్న అని ఒక ఫిట్టరుండేవాడు, శ్రీకాకుళం మనిషి. పళ్లెం పట్టుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

"ఇదేటమ్మా? కూరా, గిన్నెలు తోముకునీదా?"

"తిను లచ్చన్నా, బలం."

"బలం నాకుండాల గానీ దీనికెందుకమ్మా? నమల్నేకపోతన్నాను."

బడీతో ఎవరికీ హాని జరగలేదు. జరిగింది గింజలతో. సోయా గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా అయ్యేదాకా ఉడకబెట్టాలి. సరిగ్గా ఉడకని గింజ కడుపులో అరుగుదలను అడ్డుకుంటుంది. ఇది నాకు తెలుసు. వంటవాడు మహతోకి తెలియదు, ఎందుకంటే నేను చెప్పలేదు. అతను శనగల్లాగే అనుకుని, పొద్దున్న నానేసి, భోజనం గంట కొట్టేలోగా ఎంత ఉడికితే అంత ఉడికించి, గరం మసాలా దండిగా వేశాడు. నేను ఒక చెంచా రుచి చూసి బాగుందన్నాను. మసాలా నిజంగానే బాగుంది.

ఆ మధ్యాహ్నం షిఫ్టు మొత్తానికి కడుపు ఉబ్బింది. క్రేన్ ఆపరేటరు మూడుసార్లు కిందికి దిగాడు. అంత ఎత్తునుంచి ఒక మనిషి ఇనుప నిచ్చెన మీద మూడుసార్లు పరుగున దిగడం చూసినవాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. వర్క్స్ మేనేజరు నాకు ఫోన్ చేసి, "ఏం పెట్టారు మీరు?" అని అడిగాడు. "ప్రోటీన్" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఎవరికీ ప్రమాదం జరగలేదు. రెండు రోజుల్లో అందరూ బాగుపడ్డారు. నేను మహతోతో ఉడికించే పద్ధతి రాయించి, వంటగది గోడకి అంటించి, పాఠం నేర్చుకున్నాననుకున్నాను. నేర్చుకున్నది వంట గురించి మాత్రమే.

సింహాచలం

మా కర్మాగారం టెలిఫోన్ ఎక్స్చేంజిలో సింహాచలం అనే ఆపరేటరుండేది. ముప్ఫై నాలుగు, ముప్ఫై అయిదేళ్ల మనిషి. భర్త అప్పలరాజు టాటానగర్ లోకోషెడ్‌లో మెకానిక్. అత్తగారితో కలిసి రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లు. ఆ రోజుల్లో ఎవరికి ఫోన్ చేయాలన్నా ముందు ఎక్స్చేంజికి చెప్పాలి. కాబట్టి కర్మాగారం మొత్తానికి ఆమె గొంతు తెలుసు. హిందీ, ఇంగ్లీషు, తెలుగు, కొంత ఒడియా, ఏ భాషలో మాట్లాడినా పూసగుచ్చినట్టు ఉండేది. మొహం కొద్దిమందికే తెలుసు.

ఎనభైల మొదట్లో ఆమెకి నీరసం మొదలైంది. మొహం ఉబ్బడం, జుట్టు రాలడం, ఎండాకాలంలోనూ చలి. గొంతు బొంగురుపోయింది. మా పెద్ద డాక్టరు ఘోష్‌గారు చూసి, థైరాయిడ్ తక్కువగా ఉందని గోలీలు మొదలుపెట్టారు. రెండు నెలల్లో మనిషి లేచి కూర్చుంది. గొంతు తిరిగొచ్చింది. ఆయన వైద్యం అక్కడిదాకా సరిగ్గానే ఉంది.

తర్వాత ఆమెను నా దగ్గరికి పంపారు. నీచు తినదు, ఇంకా బలహీనంగా ఉంది, మంచి ఆహారం చెప్పమని చీటీ. నీచు తినని మనిషి, బలహీనత. ఇలాంటి రోగి కోసమే ఎదురుచూస్తున్నాను నేను. కాగితం తీసుకుని రాశాను: పొద్దున్న లేవగానే పెద్ద గ్లాసు సోయాపాలు. చపాతీ పిండిలో మూడోవంతు సోయా పిండి. మధ్యాహ్నం బడీ కూర. సోయాపాలు ఇంట్లో ఎలా చేసుకోవాలో కూడా నేర్పాను. ఈసారి ఎంతసేపు మరగబెట్టాలో మరీమరీ చెప్పాను.

ఇంకే మందులు వాడుతున్నావు, ఎప్పుడు వేసుకుంటున్నావు అని మాత్రం అడగలేదు. మందులు డాక్టరుగారి పని, అన్నం నా పని అనుకునేదాన్ని. రెండూ వెళ్లేది ఒకే కడుపులోకని నాకు తట్టలేదు.

సింహాచలంది చెప్పింది చెప్పినట్టు చేసే స్వభావం. ఆపరేటర్లు అలాగే ఉంటారు. మీరొక నంబరు అడిగితే పక్క నంబరు ఇవ్వరు.

"ఏసుకుంటన్నాను సార్"

నాలుగో నెలకి మొహం మళ్లీ ఉబ్బింది. గొంతు మళ్లీ బొంగురుపోయింది. డాక్టరుగారు గోలీ మోతాదు పెంచారు. మార్పు లేదు. ఇంకోసారి పెంచారు. అప్పట్లో థైరాయిడ్ పరీక్షకి రక్తం కలకత్తా పంపాలి, ఫలితం రావడానికి వారాలు పట్టేది. వచ్చిన ప్రతిసారీ అధ్వాన్నంగానే ఉంది.

డాక్టర్ ఘోష్ మంచి వైద్యుడు. అర్ధరూపాయి ఆశించే మనిషి కాదు. కానీ తన మందు పనిచేయకపోతే తప్పు రోగిదని ఆయనకి గట్టి నమ్మకం.

"గోలీ వేసుకుంటున్నావా?" అని హిందీలో అడిగారు, నేను పక్కనే ఉన్నాను.

"ఏసుకుంటన్నాను సార్," అంది తెలుగులో. మనసు బాగోలేనప్పుడు ఆమెకి నాలుగు భాషల్లో మూడు పోయి ఒక్కటే మిగిలేది. నేను హిందీలో చెప్పాను.

"రోజూ?"

"రోజూ సార్. ఒక్కనాడూ మాన్నేదు."

ఆయన తలూపి, ఫైల్లో ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. రోగి మందులు సరిగా వాడటం లేదు. తర్వాత అప్పలరాజును పిలిపించి అదే మాట చెప్పారు.

అప్పలరాజు చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు. కానీ పెద్ద డాక్టరు చెప్పిన మాట. గోలీల సీసా తన దగ్గర పెట్టుకుని, రోజుకొకటి తీసి ఆమె చేతికిచ్చి డ్యూటీకి పోయేవాడు. అప్పటికీ నయం కాకపోయేసరికి, మింగకుండా మోరీలో పారేస్తోందని నిర్ణయానికి వచ్చాడు. ఎందుకు పారేస్తుందని ఎవరూ అడగలేదు. మనిషి అబద్ధం ఆడుతోందని ఒకసారి కాగితం మీద పడ్డాక, కారణం ఎవరికీ అక్కర్లేదు.

నేనూ ఆమెను పక్కకి పిలిచి, "నిజం చెప్పమ్మా, నాకైనా చెప్పు," అన్నాను. అప్పుడు ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. తిన్నగా ఎక్స్చేంజికి వెళ్లిపోయింది.

ఈలోగా ఎక్స్చేంజి మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. లైన్లో ఎవరో మగమనిషి ఉన్నాడు, మాట అర్థం కావడం లేదు, ఒక నంబరు ఇవ్వడానికి అరగంట పడుతోంది అని. ఫర్నెస్ దగ్గర ఏదైనా జరిగితే అంబులెన్సుకి ఫోన్ వెళ్లేది కూడా ఆమె స్విచ్‌బోర్డు మీదుగానే. అందుచేత ఫిర్యాదు చేసినవాళ్లని తప్పు పట్టలేను. ఆమె ఉద్యోగానికి పనికొస్తుందా లేదా తేల్చడానికి మెడికల్ బోర్డు వేశారు. పనికిరాదంటే ఇంటికే. ఇంకో సీటు ఇచ్చేంత పెద్ద సంస్థ కాదు మాది.

గ్లాసు, గోలీ

బోర్డు వాళ్లు నన్ను ఆహార నివేదిక అడిగారు. అది రాయడానికి ఒక పొద్దున్న డ్యూటీకి ముందు సింహాచలం ఇంటికి వెళ్లాను. ఆమె అప్పుడే లేచింది. అప్పలరాజు గోలీ ఇచ్చి వెళ్లిపోయాడు. స్టవ్ మీద సోయాపాలు పొంగుతున్నాయి. పెద్ద స్టీలు గ్లాసులో పోసుకుని, చల్లార్చి, గోలీ నోట్లో వేసుకుని ఆ పాలతో మింగింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా దించలేదు.

"రోజూ ఇలాగే వేసుకుంటావా?" అన్నాను.

"మరేటి? లెగ్గానే గోలీ ఏసుకోమని డాక్టరుగారు సెప్పారు. లెగ్గానే పాలు తాగమని మీరు సెప్పారు. రెండూ ఒక్కసారే అయిపోతాయి గదా అని."

పెన్నుకి మూత పెట్టేశాను. 

కాలేజీలో ఒక మేడమ్ ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. సోయాపాల మీదే పెంచిన కొందరు పసిపిల్లలకి గొంతు దగ్గర వాపు వచ్చిందనీ, థైరాయిడ్ మందు పేగుల్లోంచి రక్తంలోకి పోకుండా సోయా అడ్డుపడుతుందనీ ఆవిడ చెప్పింది. పరీక్షకి రాదని నేను రాసుకోలేదు.

సింహాచలం ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. డాక్టరు చెప్పింది చేసింది, నేను చెప్పింది చేసింది. ఇద్దరి మాటా విన్నందుకే జబ్బు ముదిరింది.

నేను దాచిన ఇరవై రెండు రోజులు

ఆ పూటే డాక్టరుగారి దగ్గరికి వెళ్లి చెప్పాల్సింది. వెళ్లలేదు. ముందుగా పాలు ఆపించి చూద్దాం, నయమైతే అందరికీ మంచిదే, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనుకున్నాను. సిగ్గుని ఆ రోజుల్లో నేను జాగ్రత్త అని పిలిచేదాన్ని.

"ఈ సోయా అంతా కొన్నాళ్లు మానెయ్యి. గోలీ ఉత్త నీళ్లతో వేసుకో," అన్నాను.

"ఏటయ్యింది మేడమ్? ఎందుకు మానీయాల?"

"వేడి చేస్తుంది."

హోమ్ సైన్స్‌లో డిగ్రీ ఉన్న మనిషిని. వేడి చేస్తుందని చెప్పాను.

ఆమె మానేసింది. మొదటి రెండు వారాలు మొహం తేటపడింది. ఆ తర్వాత చెయ్యి వణకడం మొదలైంది. స్విచ్‌బోర్డు మీద ప్లగ్గులు ఒకదానికి బదులు ఇంకో రంధ్రంలో పెడుతోంది. ఇరవై రెండో రోజు మధ్యాహ్నం, గుండె దడదడలాడుతోందని కుర్చీలోనే వాలిపోతే, తోటి ఆపరేటర్లు ఆసుపత్రికి మోసుకొచ్చారు.

డాక్టర్ ఘోష్ నాడి చూసి, "ఇన్నాళ్లూ మానేసింది, బోర్డు అనేసరికి గుప్పెళ్లతో మింగుతోంది," అన్నారు. సింహాచలం మంచం మీదనుంచి నావైపు చూసింది. 

అప్పుడు చెప్పాను. ఆయన గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరే నిలబడి, మొదటినుంచీ చెప్పాను. పాలు గోలీకి అడ్డుపడటంవల్లే మందు పనిచేయలేదు. పనిచేయడం లేదని మోతాదు రెండుసార్లు పెరిగింది. నేను ఒక్కసారిగా పాలు ఆపించేసరికి ఆ పెరిగిన మందంతా ఒంటికి పట్టేసింది.

"పాలు ఎప్పుడు ఆపించావు?"

"ఇరవై రెండు రోజులైంది."

"ఇరవై రెండు రోజులు నాకు చెప్పలేదు."

"చెప్పలేదు సార్."

"ఆ వయసులో కాబట్టి సరిపోయింది. ఇంకో ఇరవై ఏళ్లు పెద్దదై ఉంటే గుండె ఆగిపోయేది. తెలుసా?"

తెలుసన్నాను. నిజానికి అప్పుడే తెలిసింది.

ఆయన మోతాదు తగ్గించి, మూడు రోజులు వార్డులో ఉంచి గుండె కొట్టుకోవడం కనిపెట్టారు. నాలుగో రోజు ఇంటికి పంపారు. ఆ సాయంత్రం నన్ను పిలిచి, జరిగిందంతా బోర్డుకి నీ పేరు మీద రాయమన్నారు. రాశాను. సలహా ఇచ్చింది నేను, మందు వేళ అడగనిది నేను, ఆపించి దాచింది నేను. ఆయన మొత్తం చదివి, కింద తన చేత్తో ఒక వాక్యం చేర్చారు. 'గోలీ దేనితో మింగుతోందో నేనూ అడగలేదు.' ఫైల్లోని పాత వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టారు. సింహాచలంతో మాత్రం పొరపాటైందని ఒక్క మాట అనలేదు. ఆయన కాలపు డాక్టర్లకి కాగితం ముందు తల వంచడం వచ్చు, మనిషి ముందు రాదు. ఇది నా అభిప్రాయం. ఆయన మీద గౌరవం మాత్రం ఆ రోజుతో పెరిగింది.

బోర్డు

బోర్డులో ముగ్గురున్నారు. నా ఉత్తరం చదివాక మేనేజిమెంటు తరఫున కూర్చున్నాయన అడిగిన మొదటి ప్రశ్న: "అంటే సోయా విషమా? క్యాంటీన్లో ఆపించేయాలా?"

"విషం కాదు సార్. ఉడకబెట్టి, మితంగా తింటే మంచి ఆహారమే."

"మరి ఇదంతా ఏమిటి?"

"నేను చెప్పిన మోతాదు, నేను చెప్పిన వేళ, నేను అడగని మందు," అన్నాను.

ఆయనకి అది నచ్చలేదు. విషమంటే ఆపించేయవచ్చు, అమృతమంటే పెట్టించవచ్చు. కొందరికి, కొంత, కొన్ని వేళల్లో అంటే ఆఫీసు ఆర్డరు రాయడం కష్టం.

సింహాచలానికి మూడు నెలలు గడువిచ్చారు. గోలీ తెల్లవారగానే ఉత్త నీళ్లతో, సోయా మధ్యాహ్నం పూట మాత్రమే, అదీ వారానికి రెండుసార్లు. మూడో నెల రక్తపరీక్ష సరిగ్గా వచ్చింది. ఆమె సీటు ఆమెకి దక్కింది. నాకు ఒక హెచ్చరిక మెమో వచ్చింది. న్యాయమైనదే.

క్యాంటీన్లో మాత్రం సోయా తింటే ఆడవాళ్లకి మగగొంతు వస్తుందని పుకారు పుట్టి, కొన్నాళ్లకి మగవాళ్లకి ఆడగొంతు వస్తుందని మారింది. నేను పోస్టరు తీసేశాను.

అడగవలసినవి

పిల్లలకి చెప్పేది కొంచెమే. థైరాయిడ్ గోలీ వేసుకునేవాళ్లకి సోయా నిషేధం కాదు, కానీ గోలీకీ దానికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. రోజూ తినేవాళ్లయితే ఆ సంగతి డాక్టరుకి తెలియాలి. ఉన్నట్టుండి మొదలుపెట్టినా, ఉన్నట్టుండి మానేసినా తెలియాలి. అయొడిన్ సరిగా అందనివాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. సోయా పడనివాళ్లు, దద్దుర్లు వచ్చేవాళ్లు ఉంటారు. పసిపిల్లలకి డాక్టరు చెప్పకుండా పట్టవద్దు. మూడు పూటలా ఒకే గింజ పెట్టే సలహా ఎవరు ఇచ్చినా, పుస్తకం ఇచ్చినా, అనుమానించండి.

రోగి మందు వేసుకుంటున్నానంటే ముందు నమ్మండి. నమ్మాక, దేనితో అని అడగండి. మీ సలహా ఆపేటప్పుడు, మొదలుపెట్టినప్పుడు ఎంతమందికి చెప్పారో అంతమందికీ చెప్పండి. వేడి చేస్తుందని చెప్పవద్దు.

ఆదివారం

బోర్డు తేల్చిన తర్వాత సింహాచలం నా గదికి వచ్చింది. నేను క్షమించమని మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపింది.

"అదంతా అక్కర్నేదు మేడమ్. ఒక్కసారి మా ఇంటికి రండి. నాను అబద్ధం ఆడ్నేదని మా ఆయనికి మీ నోటితో సెప్పండి."

"బోర్డు కాగితం చూపించలేదా?"

"సూపించాను. ఇంగ్లీషులో ఉంది."

ఆ ఆదివారం వెళ్లాను. అప్పలరాజు కుర్చీ వేశాడు. సింహాచలం టీ తెచ్చి ఇచ్చి, గోడకి ఆనుకుని నిలబడింది. అత్తగారు వంటగదిలో ఉంది. నేను మొత్తం చెప్పాను. పాలు తాగమన్నది నేనని, గోలీ ఒక్కరోజు కూడా మానలేదని, మోరీలో ఒక్కటి కూడా పడలేదని. అతను తలొంచుకుని విన్నాడు.  అయిపోయాక భార్యవైపు తిరిగాడు.

"మరి నాకు గట్టిగా సెప్పొచ్చు గదే. రోజూ ఏసుకుంటన్నానని."

"సెప్పాను," అంది సింహాచలం.

"ఎప్పుడు సెప్పేవు?"

"రోజూ సెప్పాను."

అతను నావైపు చూశాడు.  అప్పుడు వంటగది గుమ్మంలోంచి అత్తగారు చేతులు తుడుచుకుంటూ అంది.

"సెప్పిందిరా. నానూ ఇన్నాను."